ఉప్పునీటి ముత్యాలా, మంచినీటి ముత్యాలా? వైజాగ్‌లో నగ కొనేవాళ్ళకు మా రివ్యూ

కురుపాం మార్కెట్‌లో గానీ, జగదాంబ, ద్వారకానగర్ షోరూముల్లో గానీ ముత్యాల కౌంటర్ దగ్గర కూర్చోగానే చాలామంది అడిగే మొదటి మాట "ఇవి సముద్రం ముత్యాలేనా?" అని. అవునంటే ఎంత ధర చెప్పినా సర్దుకుంటారు, మంచినీటివంటే మొహం చిట్లిస్తారు. ఈ లెక్క మార్చుకోవాలి. ముత్యం పదేళ్ళు నిలుస్తుందా, రెండేళ్ళకే కళ తప్పుతుందా అన్నది దాని మీద ఎంత మందాన పొర (ఆల్చిప్ప విడిచే మెరిసే పదార్థం) పట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ నీళ్ళలో పెరిగిందన్నది ఆ తర్వాతి సంగతి. రోజువాడకానికి మా ఓటు మంచినీటి ముత్యాలకే. సముద్రపు ముత్యానికి డబ్బు పెట్టడం ఎప్పుడు సబబో కూడా చెబుతాం.

ముందు ఒక అపోహ తీర్చుకుందాం. ఊరు సముద్రం ఒడ్డున ఉంది కదా అని ఇక్కడ అమ్మే ముత్యాలు ఇక్కడి నీళ్ళలోవే అనుకోకండి. ఆర్కే బీచ్, రుషికొండల దగ్గర గవ్వల దండల పక్కన వేలాడదీసిన తెల్లటి దండను చూపించి ఎవరైనా "మన సముద్రంలో తీసినవే" అంటే నమ్మాల్సిన పనిలేదు. విశాఖ తీరంలో నగల ముత్యాల వేట లేదు. మన దేశంలో పేరుపడ్డ ముత్యాల వేట తూత్తుకుడి దగ్గర మన్నార్ సింధుశాఖలోనూ, గుజరాత్ వైపు కచ్ సింధుశాఖలోనూ సాగేది, అదీ ఆగిపోయి దశాబ్దాలైంది. 1973లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తూత్తుకుడిలో ఆల్చిప్పల్లో ముత్యాలు పెంచి చూపింది కానీ, ఇవాళ షోరూముల్లో పెట్టే సరుకు అది కాదు. మంచినీటివి దాదాపు అన్నీ చైనా చెరువుల్లో పెరిగి, ఎక్కువగా హైదరాబాద్ వ్యాపారుల చేతుల మీదుగా మన దాకా వస్తాయి. సముద్రపు వాటిలో అకోయా జపాన్, చైనా, వియత్నాంలవి. సౌత్ సీ రకం ఆస్ట్రేలియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లది. నల్లటి తాహితీ రకం ఫ్రెంచ్ పాలినేషియాది. ఇవన్నీ మనిషి పెంచినవే. పెంపకం కాని సహజ ముత్యాల దండ మామూలు షోరూములో ఉండదు. నగతో ఇచ్చే కార్డు మీద నేచురల్ అని అచ్చు వేసి ఉంటే, మనిషి చెయ్యి పడకుండా పుట్టిందని రాసిచ్చినట్టే లెక్క, కాబట్టి రుజువు అడగండి.

తేడా అంతా పెంచే పద్ధతిలో ఉంది. మంచినీటి ఆల్చిప్పలోకి ఇంకో ఆల్చిప్ప కండపొర ముక్కలు చిన్నవి చొప్పిస్తారు, మామూలుగా గట్టి పూస ఏదీ పెట్టరు. ఒక్క చిప్పలోనే ఇరవై ముప్ఫై ముత్యాలు పెరుగుతాయి. రెండేళ్ళ నుంచి ఐదారేళ్ళ దాకా నీళ్ళలో ఉంచుతారు. ఆ ముక్క చుట్టూ పొర మీద పొర పేరుకుంటుంది కాబట్టి ముత్యం మొత్తం ముత్యపు పదార్థమే. పూస ఆధారం లేదు కనుక నిక్కచ్చి గుండ్రం రావడం కష్టం. కోలగా, బొత్తాంలా, బంగాళాదుంపలా రకరకాలుగా వస్తాయి. ధర తక్కువగా ఉండడానికి కారణాలు ఇవే, నాణ్యత తక్కువని కాదు.

అకోయా పద్ధతి వేరు. మంచినీటి చిప్పల పెంకును గుండ్రంగా చెక్కి పూస చేస్తారు. దాన్ని చిన్న కండపొర ముక్కతో కలిపి సముద్రపు ఆల్చిప్పలో పెడతారు. ఒక్కో చిప్పలో ఒకటి, మహా అయితే రెండు. పది నెలల నుంచి రెండేళ్ళలోపు తీసేస్తారు. పూస గుండ్రంగా ఉంది కనుక ముత్యమూ గుండ్రంగా వస్తుంది, మెరుపు కత్తిలా ఉంటుంది. కానీ లెక్క చూడండి. 7 మిల్లీమీటర్ల అకోయా మీద పొర 0.35 మి.మీ. ఉంటే బాగుందనే అంటారు. అంటే లోపలి పూస 6.3 మి.మీ. ఘనపరిమాణంలో దాదాపు 73 శాతం పూసే. పొర 0.25 మి.మీ.కి పడిపోతే పూస వాటా 80 శాతం. 12 మి.మీ. సౌత్ సీ ముత్యం మీద పొర 2 మి.మీ. ఉంటే పూస వాటా 30 శాతమే. సముద్రపు ముత్యాలన్నిటినీ ఒక గాటన కట్టి మాట్లాడడం ఇందుకే కుదరదు.

ఇప్పుడు అసలు పరీక్ష. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం తీసుకెళ్ళండి, షాపులోనూ ఉంటుంది, అడిగితే ఇస్తారు. ముత్యానికి గుచ్చిన రంధ్రం అంచు మీద దృష్టి పెట్టండి. దండలో రెండు ముత్యాలను మెల్లగా ఎడం చేస్తే రంధ్రం లోపలి గోడ కనిపిస్తుంది. మంచినీటి ముత్యంలో పైనుంచి లోపలికి ఒకే పదార్థం, ఎక్కడా గీత ఉండదు. అకోయాలో పైన సన్నటి తెల్లటి అంచు, దాని కింద సన్నటి ముదురు గీత, ఆ కింద మెరుపు లేని పూస కనిపిస్తాయి. ఆ పై అంచు వెంట్రుకంత సన్నగా ఉంటే ఆ దండ వదిలేయండి. రంధ్రం దగ్గర పొర పెచ్చు లేచిన ముత్యాలు దండలో రెండు మూడు కనిపించినా వద్దు, మిగతావి కూడా అదే దారి పడతాయి. నకిలీ ముత్యానికైతే రంధ్రం అంచున పెయింటు ఊడినట్టు చీలికలుంటాయి, లోపల గాజు నున్నగా మెరుస్తుంది. రంగు వేసిన ముత్యానికి రంధ్రం చుట్టూ, సన్నటి పగుళ్ళలో రంగు చిక్కగా పేరుకుని ఉంటుంది. ఒక్క రంధ్రం చూస్తే ఇన్ని సంగతులు తెలుస్తాయి. మరేదీ చూడకపోయినా ఇది మాత్రం చూడండి.

పల్చటి అకోయాను పట్టుకోవడానికి ఇంకో ఉపాయం ఉంది. ఫోన్ టార్చ్ వెలిగించి, ముత్యాన్ని వెలుతురుకు అడ్డంగా పెట్టి వేళ్ళతో తిప్పండి. పొర పల్చనైతే లోపలి పెంకు పూస చారలు నీడల్లా కనబడతాయి, తిప్పుతుంటే ముత్యం ఆరి వెలిగినట్టుంటుంది.

మెరుపు విషయంలో షాపు లైట్లను నమ్మకండి. కౌంటర్ మీద వరసగా బిగించిన ఎల్ఈడీ దీపాల కింద మామూలు ముత్యం కూడా వెలిగిపోతుంది. దండను గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుతురులో తెల్ల గుడ్డ మీద పరచండి. లేదంటే ట్యూబ్‌లైటు కింద పట్టుకుని ముత్యం మీద ఆ లైటు ప్రతిబింబం ఎలా పడుతోందో చూడండి. అంచులు తీర్చినట్టు పడితే మొదటి రకం. పాలలో పడ్డట్టు మసకగా ఉంటే రెండో రకం. సుద్దలా ఉంటే తీసుకోవద్దు. మంచి అకోయాకు ఈ విషయంలో సాటి లేదు, అది ఒప్పుకోవాలి. మంచినీటి వాటిలో పై తరగతివి దానికి దగ్గరగా వస్తాయి కానీ సగటు దండలో మెరుపు మెత్తగా, లోపల్నుంచి వచ్చినట్టు ఉంటుంది. బంగారంతో కలిపి చూస్తే మన ఒంటి రంగుకు ఆ మెత్తటి మీగడ రంగే బాగా నప్పుతుందని మా అభిప్రాయం.

దండను చదునైన ట్రేలో దొర్లించి చూడండి. కోలగా ఉన్నవి తడబడుతూ దొర్లుతాయి. గుండ్రం పెరిగేకొద్దీ మంచినీటి ముత్యాల ధర బాగా ఎక్కుతుంది. మెడలో వేసుకున్నాక కొద్దిపాటి కోల ఎవరికీ కనపడదు కాబట్టి, ఆ డబ్బు మెరుపు మీద పెట్టడం మేలు. ఏఏఏ, ఏఏ అనే గ్రేడులకు అందరూ పాటించే కొలత ఏదీ లేదు. ఒక షాపు ఏఏఏ ఇంకో షాపులో ఏ కావచ్చు.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు 10 మి.మీ. దాటిన ముత్యాల దగ్గర ఉంది. ఇప్పుడు మంచినీటి చిప్పల్లో కూడా పూస పెట్టి పెద్ద గుండ్రటి ముత్యాలు పెంచుతున్నారు. వాటిని ఎడిసన్ ముత్యాలంటారు. అవి అందమైన సరుకే, వాటి ధరకు అవి కొనదగినవే. ఊదా, రాగి రంగుల్లో వచ్చేవాటిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. తెల్లవి మాత్రం సౌత్ సీ ముత్యాల పక్కన పెడితే కంటితో తేల్చడం కష్టం, ధరలో తేడా మాత్రం చాలా ఎక్కువ. "మేడమ్, ఇది ప్యూర్ సౌత్ సీ" అని అంటే సరిపోదు. ల్యాబ్ రిపోర్ట్ లేకుండా ఆ ధర ఇవ్వకండి. మంచినీటి ముత్యాల్లో మాంగనీసు ఎక్కువ, సముద్రపు వాటిలో స్ట్రాన్షియం ఎక్కువ. ల్యాబ్‌లో ఎక్స్‌రే పరికరాల మీద ఆ తేడా తేలిపోతుంది. జైపూర్, ముంబై ల్యాబ్‌లకు పంపించి రిపోర్ట్ తెప్పించమంటే పెద్ద షోరూములు తెప్పిస్తాయి. తెప్పించనంటే ఆ ముత్యాన్ని ఎడిసన్ ధరకే లెక్కకట్టండి. నల్లవాటితోనూ ఇంతే. మంచినీటి ముత్యాల్లో తెలుపు, పీచ్, లేత ఊదా సహజంగా వచ్చే రంగులు. కారునలుపు, ముదురు నీలం, మెరిసే పసుపు మంచినీటి దండలో కనబడ్డాయంటే రంగు వేసినవి, లేదా రేడియేషన్‌తో ముదురు చేసినవి. తాహితీ ముత్యాల దండలో ఏ రెండు ముత్యాల రంగూ అచ్చు ఒకేలా ఉండదు, ఆకుపచ్చ, నెమలికంఠం ఛాయలు తొంగిచూస్తుంటాయి.

నకిలీల సంగతి చిన్నగా. రెండు ముత్యాలను ఒకదానికొకటి మెల్లగా రాస్తే అసలువి సన్నటి ఇసుకలా గరగరలాడతాయి, నకిలీవి జారిపోతాయి. ఈ పరీక్ష అసలు, నకిలీ తేల్చడానికే. ఉప్పునీటివీ మంచినీటివీ రెండూ గరగరలాడతాయి. "పంటికి రాసి చూడండి, సముద్రానివే" అనే మాటకు అర్థం లేదు. తూకం కూడా ఉపయోగపడుతుంది. 7 మి.మీ. ముత్యం ఒకటి సుమారు 0.48 గ్రాములు తూగుతుంది. ముడులు లేని 16 అంగుళాల వరసలో 57, 58 ముత్యాలు పడతాయి, బరువు 27, 28 గ్రాములు రావాలి. ప్లాస్టిక్‌దైతే అందులో సగం కూడా రాదు. గాజు పూస మాత్రం దాదాపు అంతే తూగుతుంది, కాబట్టి తూకం సరిపోయిందని ఊరుకోకుండా రాసి చూడాలి. కొందరు లైటర్ మంట మీద పెట్టి "చూశారా, కాలలేదు" అంటారు. గాజు కూడా కాలదు. పైగా ఆ మంటకు అసలు ముత్యం పాడవుతుంది.

ఇక ఏ నగకు ఏది. దుద్దులు, నల్లపూసల్లో మధ్య మధ్య వేసే ముత్యాలు, ఆఫీసుకు వేసుకెళ్ళే సన్న దండ లాంటి రోజువాడకం నగలకు మంచినీటివే. వైజాగ్ ఉక్కపోతలో మెడ మీద చెమట ఆగదు. చెమటలోని ఆమ్లం ముత్యాన్ని మెల్లగా తింటుంది. ముత్యంలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా కాల్షియం కార్బొనేటే, పులుపు తగిలితే కరుగుతుంది. పల్చటి అకోయాకు కొన్నేళ్ళలో పొర అరిగి పూస బయటపడుతుంది. మంచినీటి ముత్యం అరిగినా లోపల ఉన్నదీ ముత్యమే.

గుత్తపూసల హారానికి సముద్రపు ముత్యాల ప్రసక్తే అక్కర్లేదు. అందులో పడేవి 2 నుంచి 3 మి.మీ. ముత్యాలు, వందల్లో పడతాయి. ఈ నగలో చూడాల్సింది ముత్యాలను గుత్తులుగా కట్టిన తీగ. తీగ కొసలు మెలితిప్పి లోపలికి మడిచారా, చీర అంచుకు తగులుతున్నాయా అని వేలితో తడిమి చూడండి. తీగ మరీ సన్ననైతే రెండు ఫంక్షన్లకే గుత్తులు రాలడం మొదలవుతుంది. బరువు లెక్క ఇక్కడ ఇంకా ముఖ్యం. 3 మి.మీ. ముత్యం సుమారు 0.04 గ్రాములు. 300 ముత్యాలున్న హారంలో ముత్యాల బరువే 11, 12 గ్రాములు. అది తీసేయకుండా మొత్తం తూకానికి బంగారం రేటు కట్టారంటే ముత్యాలకు బంగారం ధర పెట్టినట్టే. బిల్లులో మొత్తం బరువు, ముత్యాలు రాళ్ళ బరువు, నికర బంగారం బరువు మూడూ వేరుగా రాయించుకోండి.

పెళ్ళికి, పట్టుచీర మీదకు ఒక్కసారి కొని దాచుకునే దండ కావాలంటే, బడ్జెట్ ఉంటే, అప్పుడు అకోయాకు వెళ్ళండి. 7 నుంచి 8 మి.మీ., పొర మందం రాసిన రిపోర్ట్‌తో. అదే సైజు మంచినీటి దండ ధరకు దీని ధర కొన్ని రెట్లు ఉంటుంది, ఆ తేడా మెరుపు కోసమూ గుండ్రం కోసమూ ఇస్తున్నామని తెలిసి ఇవ్వండి. ముత్యాలను తిరిగి కొనే షాపులు తక్కువ, మార్చుకునేటప్పుడు బంగారానికే విలువ కడతారు, కనుక పెట్టుబడి కింద కొనకండి. తలంబ్రాల్లో కలపడానికైతే చిన్న మంచినీటి ముత్యాలే వాడండి, రంధ్రం లేనివి అడిగితే ఇస్తారు.

జాతకం కోసం పెట్టించుకునే ఉంగరం దగ్గర చాలామంది నష్టపోతున్నారు. సముద్రపు ముత్యమే కావాలని సిద్ధాంతి గారు చెబితే, ఆ మాట మీద దొరికిన అకోయా కొనేసి కుడిచేతికి పెడతారు. అన్నం కలిపే చెయ్యి అది. పులుసు, నిమ్మకాయ, ఆవకాయ, ఆపైన సబ్బు రోజూ తగులుతూనే ఉంటాయి. పల్చటి పొరకు అంత ఓర్పు లేదు. సముద్రపు ముత్యమే పెట్టాలనుకుంటే పొర మందంగా ఉండే సౌత్ సీ తీసుకోండి. నిక్కచ్చి గుండ్రం కాని వంకర ముత్యమైతే ధర బాగా తగ్గుతుంది, పొర మందం మాత్రం అదే. ఉంగరంలో బిగించాక రంధ్రం కనపడదు, అందుకని బిగించకముందే విడి ముత్యాన్ని చూసి, తూకం వేయించి, రిపోర్ట్‌లోని బరువుతో సరిపోల్చుకోండి. తినేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవడం ఏ ముత్యానికైనా మంచిది.

బంగారం మీద హాల్‌మార్కూ, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు వేరుగా ఇచ్చే గుర్తింపు) నంబరూ ఉన్నాయంటే అవి బంగారానికే హామీ, ముత్యానికి వర్తించవు. ముత్యం సంగతి బిల్లు మీద అక్షరాలా ఉండాలి. పెంపకం ముత్యమా, మంచినీటిదా సముద్రానిదా, సముద్రానిదైతే ఏ రకం, సైజు మిల్లీమీటర్లలో, ఎన్ని ముత్యాలు, బరువు ఎంత, రంగు వేసిందా లేదా. "పెర్ల్ సెట్, 1" అని రాసిన బిల్లుతో రేపు ఏ ఫిర్యాదూ నిలవదు.

గుచ్చడం దగ్గర పిసినారితనం వద్దు. ఖరీదైన దండకు పట్టు దారం, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉండాలి. ముడి వల్ల రంధ్రాల అంచులు ఒకదానికొకటి రాసుకోవు, దారం తెగినా ఒక్క ముత్యమే జారుతుంది. నైలాను దారం మీద ముడులు లేకుండా గుచ్చిన దండలు మన షాపుల్లో ఎక్కువ, ముడులతో గుచ్చమంటే అదనంగా తీసుకుని చేస్తారు. రోజూ వేసుకునే దండను ఏడాదికోసారి మళ్ళీ గుచ్చించాలి. మన ఊరి తేమకూ చెమటకూ పట్టు తొందరగా మెత్తబడుతుంది. ముడుల దగ్గర దారం నల్లబడినా, ముత్యాల మధ్య సందు కనబడినా గడువు వచ్చినట్టే. హుక్కు ఇత్తడిదైతే ఉప్పుగాలికి పచ్చగా చిలుము పడుతుంది, వెండి మీద బంగారు పూతదో, బంగారందో వేయించండి. గుచ్చడానికి ఇచ్చేముందు ముత్యాలు లెక్కపెట్టి, ఫొటో తీసి, లెక్క రసీదు మీద రాయించుకోండి.

వాడకంలో పద్ధతి తేలిక. సెంటు, హెయిర్ స్ప్రే, పౌడరు అన్నీ అయ్యాకే ముత్యాలు పెట్టుకోవాలి. తీసేటప్పుడు కాస్త తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక గుడ్డ సంచిలో పడుకోబెట్టాలి. తడి దండను వేలాడదీస్తే దారం సాగుతుంది. బంగారు నగల పెట్టెలో కలిపి పడేస్తే రాళ్ళ అంచులు తగిలి గీతలు పడతాయి. బంగారాన్ని కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్‌తో తోమే అలవాటు మన ఇళ్ళలో ఉంది, ముత్యాలున్న నగకు అది పనికిరాదు. షాపులో అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేస్తామంటే వద్దనండి. బంగారం మెరుగు కోసం కంసాలి దగ్గరకు పంపేటప్పుడు ముందు ముత్యాలు విప్పించాలి. ఆమ్లంలో ముంచినా, అతుకు కోసం మంట చూపినా ముత్యం పైపొర తెల్లగా మాడి పాలిపోతుంది, అది మళ్ళీ మెరుపు పట్టదు. విప్పడం, మళ్ళీ గుచ్చడం కూలీ ఎంతో ముందే అడిగి, పాలిష్ రసీదులోనే రాయించండి.